గోదావరి డెల్టా ఇంట్లో ప్రొజెక్టర్ మీద మోషన్ గేమింగ్: అమరిక నుంచి సంరక్షణ దాకా

ప్రొజెక్టర్ కొనేవారిలో ఎక్కువమంది సినిమాలు, క్రికెట్ మ్యాచ్‌లు చూడటానికే కొంటారు. సినిమా చూసేవారు సోఫాలో కదలకుండా కూర్చుంటారు గనుక ప్రొజెక్టర్ వాళ్ల వెనకాల బల్ల మీద ఉన్నా ఇబ్బంది లేదు. కంట్రోలర్‌ను టెన్నిస్ బ్యాటులా ఊపుతూ, పిన్నులను పడగొట్టే బౌలింగ్ బంతి వదిలినట్టు ముందుకు అడుగు వేస్తూ ఆడే మోషన్ ఆటలకు మాత్రం ఆ అమరిక పనికిరాదు. మనిషి వెలుగుకు అడ్డొస్తాడు, ఎత్తిన చెయ్యి ఫ్యాను దాకా పోతుంది, చెయ్యి ఊపిన కాసేపటికి గానీ తెర మీద బ్యాటు కదలదు. అందువల్ల ఆడే మనిషి ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకుని, తెర కొలతను, ప్రొజెక్టర్ రకాన్ని, వైర్ల దారిని ఆ తరువాత దాన్నిబట్టి ఎంచుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ క్రమంలోనే నడుస్తుంది.

భీమవరం, తణుకు, అమలాపురం, రాజమహేంద్రవరం వంటి చోట్ల ఇళ్లలో సాధారణంగా కనిపించే 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలును లెక్క కోసం తీసుకుందాం. మీ గది కొలతలు వేరైతే అంకెలు మారుతాయి గానీ పద్ధతి అదే.

మొదటి మెట్టు: నిలబడే చోటు గుర్తించడం

తెర వచ్చే గోడ నుంచి 7 అడుగుల దూరంలో నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఒక్కరు ఆడితే ఆ గీత మధ్యన, ఇద్దరు ఆడితే మధ్యలో కనీసం 5 అడుగుల ఎడంతో నిలబడాలి. ఆ చోట నిలబడి రెండు చేతులూ పక్కలకు, తరువాత పైకి, తరువాత ముందుకు పూర్తిగా చాపి చూడండి. చేతికి ఏదైనా తగిలినా, తగిలేంత దగ్గరగా ఉన్నా దాన్ని తీసేయాలి. మన ఇళ్లలో తగిలేవి దాదాపు తెలిసినవే: అద్దాల షోకేసు, గోడకు వేసిన పెద్దవాళ్ల ఫొటోలు, పాత ఇళ్లలో హాలు మధ్యన వేలాడే ఉయ్యాల బల్ల. ఆట ఉన్నంతసేపూ ఉయ్యాలను గొలుసులతో సహా కొక్కేల నుంచి విప్పి పక్కన పెట్టడమే మంచిది. గొలుసును గోడకు లాగి కట్టడం చాలదు, పిల్లలు దాన్ని వదిలేస్తారు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సీలింగ్ ఫ్యాను. ఐదున్నర అడుగుల మనిషి చెయ్యెత్తితే వేళ్లు సుమారు 7 అడుగుల ఎత్తుకు చేరతాయి, కంట్రోలర్‌తో గెంతితే ఇంకా పైకి వెళ్తాయి. పెంకుటిళ్లలో వాసాల కింద దూలానికి పొడవాటి రాడ్డుతో దించిన ఫ్యాను అంత ఎత్తులోనే తిరుగుతూ ఉండవచ్చు. పైగా గది మధ్యన, అంటే గోడకు 8 అడుగుల దూరంలో, 1200 మిల్లీమీటర్ల ఫ్యాను ఉంటే దాని రెక్కలు 6 అడుగుల నుంచి 10 అడుగుల దాకా ఉన్న జాగానంతా ఆక్రమిస్తాయి. మన ఆటగాడు నిలబడేదీ, ప్రొజెక్టర్ వేలాడేదీ ఆ జాగాలోనే. ఈ ఫ్యానును ఆపి, పక్క గోడలకు రెండు వాల్ ఫ్యాన్లు పెట్టించమని నా గట్టి సలహా. మన ఉక్కపోతలో గాలి లేకుండా పావుగంట కూడా ఆడలేం గనుక ఫ్యాను వద్దనుకునే వీలు లేదు. గాలి పక్కల నుంచి వస్తే చేతికి ప్రమాదమూ ఉండదు, వెలుగు దారిలో రెక్కల నీడలూ పడవు.

నేల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. టైల్స్ మీద, పాలిష్ పెట్టిన ఎర్ర సిమెంటు గచ్చు మీద చెమట చుక్క పడితే కాలు జారుతుంది. మేజోళ్లతో ఆడకూడదు, ఒట్టి కాళ్లతో, కింద రబ్బరు అతుకు ఉన్న మ్యాట్ మీద ఆడాలి. కోనసీమలో సులువుగా దొరికే కొబ్బరి పీచు పట్టాలు పాదానికి మంచి పట్టునిస్తాయి గానీ వాటి అడుగు భాగం గచ్చు మీద జారుతుంది. అందుకే కింద రబ్బరు షీటు పరిచి, దాని మీద వేసుకోవాలి.

రెండో మెట్టు: ఏ పరికరంతో ఆడాలి

కదలికను పట్టే విధానాలు ప్రధానంగా రెండు. కంట్రోలర్ లోపలే గైరోస్కోపు, యాక్సెలరోమీటరు ఉండి చేతి కదలికను అదే కొలవడం ఒకటి. తెర దగ్గర పెట్టిన కెమెరా మనిషిని గానీ కంట్రోలర్‌ను గానీ చూసి గుర్తించడం రెండోది. ప్రొజెక్టర్ ఉన్న చీకటి గదికి మొదటిదే అనుకూలం. 2017లో వచ్చిన నింటెండో స్విచ్, 2025లో వచ్చిన స్విచ్ 2 ఈ కోవలోని కన్సోళ్లు, అంటే తెరకు కలిపి ఆడే ఆట యంత్రాలు. వీటితో వచ్చే జాయ్‌కాన్‌లు అనే చేతి కంట్రోలర్లకు తెర పరిమాణంతో గానీ, గదిలోని వెలుతురుతో గానీ పని లేదు. స్విచ్ లైట్ అనే చిన్న మోడల్‌ను మాత్రం ఈ పనికి కొనకూడదు, దాన్ని టీవీకి గానీ ప్రొజెక్టర్‌కు గానీ కలపడం కుదరదు. అమ్మమ్మలూ తాతయ్యలూ కుర్చీలో కూర్చునే బౌలింగ్ ఆడగలగడం జాయ్‌కాన్‌ల వల్ల కలిగే మరో మేలు.

2006 నాటి నింటెండో వీ (Wii) కూడా మంచి ఆటలున్న పరికరమే గానీ దాని బొమ్మ 480 గీతలకు మించదు గనుక 100 అంగుళాల తెర మీద మొరటుగా కనిపిస్తుంది. వీ సెన్సర్ బార్ అన్నది నిజానికి సెన్సర్ కాదు, రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్న పట్టీ మాత్రమే. ఆ దీపాలను చూసే కెమెరా రిమోట్ ముందు భాగంలో ఉంటుంది. అందుకే ఆ పట్టీని తెరకు సరిగ్గా పైనో, కిందనో, మధ్యకు పెట్టాలి. కన్సోల్‌ను గది వెనకాల పెడితే పట్టీ వైరు అందదు. బ్యాటరీతో నడిచే పట్టీ కొంటే ఆ చిక్కు తీరుతుంది. తెర చుట్టుపక్కల దీపారాధన వెలుగుతున్నా, కిటికీ లోంచి ఎండ పడుతున్నా రిమోట్ వాటినీ ఇన్‌ఫ్రారెడ్ దీపాలుగా పొరబడి గురిని చెదరగొడుతుంది.

2010లో ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్ కోసం వచ్చిన కైనెక్ట్ అనే కెమెరాతో చేతిలో ఏమీ లేకుండానే ఆడవచ్చు. అది తన ఇన్‌ఫ్రారెడ్ వెలుగును తానే చల్లి దూరాన్ని కొలుస్తుంది గనుక చీకట్లోనూ మనిషిని గుర్తుపడుతుంది. నేరుగా ఎండ పడే గదిలో మాత్రం తడబడుతుంది. ఒక్కరికి సుమారు 6 అడుగులు, ఇద్దరికి సుమారు 8 అడుగులు దూరం కావాలి. నేలకు 2 నుంచి 6 అడుగుల ఎత్తులో దాన్ని పెట్టాలి, స్పీకర్ పెట్టె మీద పెట్టకూడదు. దీని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కాబట్టి దొరికేది సెకండ్ హ్యాండే. ప్లేస్టేషన్ మూవ్ కంట్రోలర్ల చివర వెలిగే రంగు బంతిని కెమెరా వెంబడిస్తుంది. ఆటగాడి వెనకాల బల్ల మీద ప్రొజెక్టర్ పెడితే ఆ లెన్సు వెలుగు నేరుగా కెమెరాలో పడుతుంది గనుక మూవ్‌తో ఆడేవారు ప్రొజెక్టర్‌ను పైకప్పుకే బిగించుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు, గల్ఫ్‌లో పని చేసే బంధువులు పాత కన్సోల్ తెచ్చిపెట్టడం మన ప్రాంతంలో మామూలే. అమెరికా నుంచి వచ్చిన వీ అడాప్టర్, ఎక్స్‌బాక్స్ 360 పవర్ బ్రిక్ (దాని కరెంటు అడాప్టర్) అక్కడి 120 వోల్టుల కోసం చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో అవి కాలిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ, మన వోల్టేజీకి తగిన అడాప్టర్ గానీ ముందే కొనాలి. స్విచ్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, దానికి ప్లగ్ మార్చుకుంటే చాలు. వీ కన్సోల్‌కు ఏ దేశంలో కొన్నామో ఆ ప్రాంతపు డిస్కులే పనిచేస్తాయి. ఎక్స్‌బాక్స్ 360లోనూ చాలా ఆటలకు ఇదే కట్టుబాటు ఉంది. స్విచ్‌కు ఆ బెడద లేదు.

మూడో మెట్టు: తెర, ప్రొజెక్టర్, నీడ లెక్క

100 అంగుళాల తెర వెడల్పు సుమారు 87 అంగుళాలు, అంటే 7 అడుగుల 3 అంగుళాలు. ఎత్తు 49 అంగుళాలు. 12 అడుగుల గోడకు ఇది సరిగ్గా అమరుతుంది, రెండు పక్కలా స్పీకర్లకు జాగా మిగులుతుంది. ప్రొజెక్టర్ వివరాల్లో త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. తెర వెడల్పును దానితో గుణిస్తే గోడకూ లెన్సుకూ మధ్య ఉండవలసిన దూరం వస్తుంది. 1.4 రేషియో ఉన్న ప్రొజెక్టర్‌కు ఇది సుమారు 10 అడుగులు, 0.5 ఉన్న షార్ట్ త్రో ప్రొజెక్టర్‌కు సుమారు మూడున్నర అడుగులు.

ఇప్పుడు నీడ సంగతి. తెర అడుగు అంచు నేలకు 4 అడుగుల ఎత్తున, పై అంచు 8 అడుగుల ఎత్తున ఉందనుకోండి. లెన్సు గోడకు 10 అడుగుల దూరంలో, 8.5 అడుగుల ఎత్తున ఉంది. ఆటగాడికి అడ్డు తగిలేది వెలుగులో అన్నిటికన్నా కింద వచ్చే కిరణం. అది లెన్సు దగ్గర 8.5 అడుగుల ఎత్తున బయలుదేరి గోడ దగ్గర 4 అడుగులకు దిగుతుంది, అంటే 10 అడుగుల దూరంలో నాలుగున్నర అడుగులు దిగుతుంది. గోడకు 7 అడుగుల దూరాన దాని ఎత్తు 4 కు 4.5లో పదింట ఏడు వంతులు కలిపితే వచ్చే సుమారు 7.15 అడుగులు. ఐదున్నర అడుగుల మనిషి అక్కడ చెయ్యెత్తినా వేళ్లు దాని కిందే ఉంటాయి. అదే మనిషి ఆట ఊపులో 5 అడుగుల దూరం దాకా ముందుకు వెళ్తే కిరణం ఎత్తు 6.25 అడుగులే. అప్పుడు తల తగలదు గానీ ఎత్తిన చెయ్యి నీడ తెర అడుగున పడుతుంది. సుద్దగీతను 7 అడుగుల దగ్గర గీయమన్నది ఇందుకే. మీ గది కొలతలతో ఇదే లెక్క వేసుకుని, గోడకు మేకులు కొట్టక ముందే ఒక పురికొసను లెన్సు స్థానం నుంచి తెర అడుగు అంచు దాకా బిగించి కట్టి, గీత మీద నిలబడి చెయ్యెత్తి చూడండి. కొసకు వేళ్లు తగిలితే నీడ తప్పదు.

తెర అడుగు అంచు 4 అడుగుల ఎత్తున ఉండటం సినిమా చూసేవారికి ఎక్కువ అనిపిస్తుంది. నిలబడి ఆడేవారి కళ్లు 5 అడుగుల ఎత్తున ఉంటాయి గనుక ఆటకు అది ఇబ్బంది కాదు. సోఫాను గది చివరికి జరిపితే చూసేవారికీ మెడ నొప్పి రాదు.

అద్దె ఇంట్లో స్లాబుకు రంధ్రాలు వేయడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. పాత మండువా ఇళ్లలో బిగించడానికి స్లాబే ఉండదు, ఉన్నదల్లా దూలాలు. అలాంటి చోట షార్ట్ త్రో ప్రొజెక్టర్‌ను గోడకు మూడున్నర అడుగుల దూరంలో పొట్టి బల్ల మీద పెట్టుకోవడం తేలిక. వెలుగంతా ఆటగాడి ముందే పుట్టి ముందే గోడకు చేరుతుంది గనుక నీడ సమస్యే ఉండదు. ఆటగాడు ఆ బల్లను తన్నకుండా దానికీ సుద్దగీతకూ మధ్య కనీసం రెండున్నర అడుగులు వదలాలి. దూలానికి బిగించాలనుకునేవారు మేకులతో కాకుండా దూలాన్ని చుట్టి పట్టే ఇనప క్లాంపుతో బిగించుకోవాలి. మిద్దె మీద ఎవరైనా నడిచినప్పుడు చెక్క అదిరితే బొమ్మా అదురుతుంది, కాబట్టి క్లాంపు కింద రబ్బరు ముక్క వేయాలి. గోడకు జానెడు దూరంలో పెట్టే అల్ట్రా షార్ట్ త్రో రకాన్ని సున్నపు గోడలున్న ఇళ్లకు నేను సూచించను. ఏటవాలుగా పడే ఆ వెలుగు గోడలోని చిన్న ఎత్తుపల్లాన్నీ అలలా చూపిస్తుంది. దానికి బిగువైన ఫ్రేమ్ తెర తప్పదు.

వెలుగు విషయంలో పెట్టె మీద రాసిన ల్యూమెన్లు (వెలుగు కొలత) కాకుండా ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో అడగండి. పూర్తిగా చీకటి చేసిన గదిలో 100 అంగుళాల మామూలు తెల్ల తెరకు 500 ఆన్సీ ల్యూమెన్లు చాలు. ఆడేటప్పుడు గది అలా పూర్తిగా చీకటిగా ఉండకూడదు, కాళ్ల కింద ఏముందో కనిపించాలి, పక్కవాడి చెయ్యి ఎటు వస్తోందో కనిపించాలి. ఆటగాళ్ల వెనకాల ఒక చిన్న బల్బు వెలిగించుకుని ఆడేందుకు 1500కు తగ్గని ప్రొజెక్టర్ తీసుకోవాలి.

నాలుగో మెట్టు: ఆలస్యాన్ని తగ్గించడం

చేతిలో కంట్రోలర్ ఊపిన క్షణానికీ తెర మీద బ్యాటు కదిలే క్షణానికీ మధ్య ఎడం ఎక్కువైతే ఈ ఆటలు ఆడలేం. బటన్ నొక్కి ఆడే ఆటలో మెదడు ఆ ఆలస్యానికి కొంత అలవాటు పడుతుంది గానీ, సొంత చెయ్యి కళ్లముందే కదులుతున్నప్పుడు అలవాటు పడదు. సెకనుకు 60 ఫ్రేములు చూపే ప్రొజెక్టర్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడతాయి. మంచి గేమ్ మోడ్ (బొమ్మ సవరణలు తగ్గించి త్వరగా చూపే సెట్టింగ్) ఉన్న ప్రొజెక్టర్ ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యంతో బొమ్మ చూపుతుంది. బొమ్మను సింగారించే సదుపాయాలన్నీ పెట్టుకుంటే అది 100 మిల్లీసెకన్లు కూడా దాటవచ్చు.

ముందు గేమ్ మోడ్ వేయండి. తరువాత కదలికలను నున్నగా చేసే ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్‌ను, నాయిస్ తగ్గించే సదుపాయాలను ఆపండి. ఆ తరువాతిది కీస్టోన్. ప్రొజెక్టర్‌ను వంకరగా పెట్టి బొమ్మను కీస్టోన్‌తో సరిచేయడం అందరికీ సులువుగా అనిపిస్తుంది. ఆ సవరణ ప్రతి ఫ్రేమునూ మళ్లీ గీయించడం వల్ల చాలా మోడళ్లలో ఆలస్యం పెరుగుతుంది, బొమ్మ పదునూ పోతుంది. పై లెక్కలో లెన్సును తెర పై అంచుకన్నా కొద్దిగా మాత్రమే ఎత్తున ఉంచింది ఇందుకే. ప్రొజెక్టర్‌ను తెరకు ఎదురుగా వంపు లేకుండా సమంగా బిగించి కీస్టోన్‌ను సున్నా దగ్గరే ఉంచండి. ఫోన్ నుంచి గానీ, కన్సోల్ నుంచి గానీ వైర్లెస్‌గా బొమ్మ పంపే పెట్టెలను ఈ పనికి అసలు వాడవద్దు.

ఆలస్యాన్ని ఇంట్లోనే కొలవవచ్చు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఆడేవారి చెయ్యి, తెర రెండూ ఒకే దృశ్యంలో పడేలా పక్క నుంచి ఎవరినైనా వీడియో తీయమనండి. వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ, చెయ్యి కదలడం మొదలైన ఫ్రేము నుంచి తెర మీద బ్యాటు కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 4తో గుణిస్తే దాదాపు మిల్లీసెకన్లలో ఆలస్యం తెలుస్తుంది. ఇందులో ఆటదీ కంట్రోలర్‌దీ ఆలస్యం కూడా కలిసి ఉంటుంది గనుక, ఒకే ఆటను గేమ్ మోడ్ వేసి ఒకసారి, తీసి ఒకసారి కొలిచి తేడాను చూసుకోవాలి.

ఐదో మెట్టు: వైర్లు, శబ్దం

కన్సోల్‌ను తెర కిందనో, పక్క గోడ దగ్గరో ఆటగాళ్లకు ఎదురుగా పెట్టండి. జాయ్‌కాన్ వంటివి బ్లూటూత్‌తో నడుస్తాయి. ఆ తరంగాలను మనిషి శరీరం, ఇనుము రెండూ అడ్డుకుంటాయి. ఇనప బీరువా పక్కనో, లోపలో కన్సోల్ ఉంటే కదలికలు మధ్య మధ్యలో తెగుతాయి. అక్కడి నుంచి పైకప్పు మీది ప్రొజెక్టర్ దాకా గోడ వెంబడి వెళ్తే బొమ్మనూ శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ 8 మీటర్ల పైనే అవసరమవుతుంది. 1080 బొమ్మకు మందమైన రాగి కేబుల్‌తో సరిపెట్టుకోవచ్చు గానీ 4కే బొమ్మకు వెలుగు ద్వారా సంకేతం పంపే ఆప్టికల్ హెచ్‌డీఎమ్‌ఐ మేలు. ఆప్టికల్ కేబుల్‌కు దిశ ఉంటుంది, కన్సోల్ వైపు చివరను ప్రొజెక్టర్‌కు పెడితే బొమ్మే రాదు. పైపులో దూర్చక ముందే రెండు చివరలూ చూసుకుని, ఒకసారి బయటే పెట్టి నడిపి చూడాలి.

ప్రొజెక్టర్ లోపలి స్పీకర్ తల మీద నుంచి పలుకుతుంది గనుక చప్పుడు తెర మీది బంతి దగ్గర నుంచి వచ్చినట్టు ఉండదు. బ్లూటూత్ స్పీకర్ ఆలస్యం సులువుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఉంటుంది, డ్యాన్స్ ఆటల్లో అది తాళాన్నే తప్పిస్తుంది. ఇంట్లో హోమ్ థియేటర్ రిసీవర్ ఉంటే కన్సోల్‌ను దానికి, దాన్ని ప్రొజెక్టర్‌కు కలపండి. లేకపోతే హెచ్‌డీఎమ్‌ఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న పెట్టెతో మామూలు వైరు స్పీకర్లకు శబ్దం తీసుకోవచ్చు.

ఆరో మెట్టు: కరెంటు

ల్యాంపు ప్రొజెక్టర్ నడుస్తున్నప్పుడు కరెంటు పోతే లోపలి ఫ్యాను ఆగిపోయి, కాగుతున్న ల్యాంపు చల్లబడక ఆయుష్షు తగ్గుతుంది. ఎల్‌ఈడీ, లేజర్ రకాలకు ఈ భయం చాలా తక్కువ. ల్యాంపుకు 300 వాట్ల దాకా, ఎల్‌ఈడీకి అందులో సగమో, ఇంకా తక్కువో పడుతుంది గనుక ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ లెక్కకు సరిపోతుందో లేదో చూసుకోండి. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమై ఉండాలి, వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేసి ఉంచాలి. అప్పుడే కరెంటు మారే ఆ చిన్న వ్యవధిలో కన్సోల్ ఆగిపోకుండా ఉంటుంది. పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్ ఉన్నా వెనకాల ఎర్తింగ్ వైరు లేకపోవడం తరచుగా జరుగుతుంది. హెచ్‌డీఎమ్‌ఐ ప్లగ్గు ఇనప భాగాన్ని ముట్టుకున్నప్పుడు వేలు జిల్లుమంటే ఆట ఆపి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. ఉరుములతో వాన వచ్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గులు, కేబుల్ టీవీ వైరు, నెట్ వైరు అన్నీ తీసేయాలి.

ఏడో మెట్టు: ఆట ముందు, ఆట తరువాత

కంట్రోలర్‌ను చదునైన బల్ల మీద కదపకుండా పెట్టి, సెట్టింగ్స్‌లో మోషన్ కంట్రోల్ క్యాలిబ్రేషన్ ఒకసారి చేయించండి. ఫ్యాను గాలికి అదిరే బల్ల దీనికి పనికిరాదు. మణికట్టు పట్టీ వేసుకోకుండా ఎవరి చేతికీ కంట్రోలర్ ఇవ్వవద్దు. సంక్రాంతికి చుట్టాల పిల్లలంతా వచ్చి వంతుల కోసం తోసుకునే సమయంలో ఈ నియమం మరీ అవసరం, ఎందుకంటే చెమట పట్టిన చేతిలోంచి జారిన కంట్రోలర్ నేరుగా తెర మీదకో, ఎదుటి పిల్లవాడి ముఖం మీదకో వెళ్తుంది. వంతు కోసం చూసేవాళ్లను సుద్దగీతకు 5 అడుగులు వెనకాల కూర్చోబెట్టండి.

మన నేలలో ప్రొజెక్టర్‌కు అసలు శత్రువులు తేమ, పురుగులు. తొలకరి వానలకు ఉసిళ్లు లేస్తాయి. సార్వా వరి కోతకు వచ్చే అక్టోబరు, నవంబరు రాత్రుల్లో పచ్చ దీపపు పురుగులు, సుడిదోమ గుంపులుగా వెలుతురు ఉన్న చోటికి వచ్చి పడతాయి. కిటికీ తెరిచి ఉన్న చీకటి గదిలో ప్రొజెక్టర్ లెన్సు కన్నా కాంతివంతమైనది మరొకటి ఉండదు. అవి లెన్సు మీద వాలితే తెర మీద కప్పంత నీడలు పాకుతాయి, గాలి తీసుకునే రంధ్రంలోకి పోతే ఫిల్టరు మూసుకుపోయి ప్రొజెక్టర్ వేడెక్కుతుంది. ఆ రంధ్రానికి గుడ్డ కట్టడం పొరపాటు, గాలి ఆగిపోతుంది. కిటికీలకు సన్నని మెష్ వేయించి, ఆట మొదలయ్యే అరగంట ముందే వసారాలో కిటికీలకు దూరంగా ఒక బల్బు వెలిగించి ఉంచితే పురుగుల్లో ఎక్కువ భాగం అటే పోతాయి. ఈ రెండు నెలలూ ఫిల్టరును వారానికోసారి మెత్తని బ్రష్షుతో దులపాలి.

నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లగ్గుల లోహం త్వరగా తుప్పు పడుతుంది, అన్ని ఊళ్లలోనూ వానాకాలం లెన్సు మీద బూజు చేరే అవకాశం ఉంది. వాడని రోజుల్లో ప్రొజెక్టర్‌ను గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచితే లోపల చిక్కుకున్న తేమే దానికి చేటు చేస్తుంది. గాలి ఆడే గుడ్డ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలు తేమ పీల్చుకున్నాక మార్చండి. వానాకాలంలో ఆడినా ఆడకపోయినా వారానికోసారి అరగంట నడిపితే లోపలి వేడికి తేమ ఆరిపోతుంది. చుట్టే తెరను తడి గోడకు ఆనించి వదిలేయకుండా, గోడకూ దానికీ మధ్య రెండంగుళాల ఎడం ఉండేలా కొక్కేలు వేసి, విప్పి ఆరబెట్టాకే చుట్టి పెట్టాలి.